మేడ మీది వాటా



పెదవాల్తేరులో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేం ఉంటాం, మేడ మీది వాటా అద్దెకిస్తాం. ఆంధ్రా విశ్వవిద్యాలయం నడిచి వెళ్ళేంత దూరం కాబట్టి గేటుకి టు-లెట్ బోర్డు కడితే వారం తిరక్కుండా ఎవరో ఒకరు వస్తారు. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం అలాగే ఒక కుర్రాడు వచ్చాడు. ఇథియోపియా నుంచి పీహెచ్‌డీ చేయడానికి వచ్చాడు. చేతిలో చిన్న నోట్‌బుక్కు ఉంది. అద్దె ఎంత అని అడిగాడు, చెప్పాను. ఆ అంకె పుస్తకంలో వేసుకుని, తనకు నెలనెలా వచ్చే డబ్బులోంచి తీసేసి, మిగిలినదాన్ని కాసేపు చూసుకుని సరే అన్నాడు.

మూడో వారం వచ్చేసరికి ఆ అబ్బాయి వంట మానేసి బ్రెడ్డూ అరటిపళ్ళూ తింటున్నాడని మా పనమ్మాయి చెప్పింది. పైకి వెళ్ళి “ఏం బాబూ, ఒంట్లో బాలేదా?” అని అడిగాను. “బాగానే ఉంది ఆంటీ” అన్నాడు గాని, కాసేపటికి ఆ నోట్‌బుక్కే నా ముందు పెట్టాడు. కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను చెప్పిన అంకే తక్కువ. నేను అద్దె ఒక్కటే చెప్పాను. కరెంటు బిల్లు, మంచినీళ్ళ క్యాను, గ్యాసు, చీపురు దగ్గర నుంచి కుక్కరు దాకా కొనుక్కోవలసిన సామాను, ఇవేవీ చెప్పలేదు. దాచాలని కాదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకి ఇవి ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరు కాని ఊరు, దేశం కాని దేశం వచ్చినవాడికి ఎవరు చెప్పాలి? ఇల్లు ఇచ్చే మనమే చెప్పాలి. ఈ మాట చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

విశాఖపట్నానికి పై దేశస్థులు కొత్త కాదు. 1933లో హార్బరు తెరిచినప్పటి నుంచి రకరకాల దేశాల నావికులు ఈ రేవులో దిగుతూనే ఉన్నారు. ఉక్కు కర్మాగారం కోసం 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక అక్కడి ఇంజనీర్లు వచ్చారు. అలా ప్రభుత్వాల మాట మీదో కంపెనీ పని మీదో వచ్చేవారికి బస ఏర్పాటు సాధారణంగా పిలిచినవాళ్ళే చూసుకుంటారు. వీధుల్లో బోర్డులు చదువుకుంటూ తిరిగేది విద్యార్థులు. 1926లో పుట్టిన ఆంధ్రా విశ్వవిద్యాలయానికి, రుషికొండ దగ్గరున్న గీతం యూనివర్సిటీకి ఆఫ్రికా నుంచి, పశ్చిమాసియా నుంచి, మన ఇరుగుపొరుగు దేశాల నుంచి పిల్లలు వస్తున్నారు. హాస్టల్లో చోటు దొరకనివాళ్ళు, పెళ్ళాం పిల్లలతో వచ్చినవాళ్ళు చినవాల్తేరు, మద్దిలపాలెం, ఇసుకతోట, ఎం.వి.పి. కాలనీ వీధుల్లో ఇళ్ళు వెతుక్కుంటారు.

అలాంటి పిల్లల కోసం ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి లెక్క సులువుగా అర్థం కావడానికి నేను తీసుకున్న రౌండు అంకెలు. మీ వీధిలో అద్దెలు ఇంతకంటే ఎక్కువో తక్కువో ఉండవచ్చు.

అద్దె నెలకు 10,000 రూపాయలు అనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 20,000. మొదటి నెల అద్దె 10,000. బ్రోకరుకి ఒక నెల అద్దె, అంటే మరో 10,000. పరుపు, ఫ్యాను, స్టవ్వు, గిన్నెలు, బకెట్లు, బల్బులు కలిపి ఎంత పొదుపుగా కొన్నా 12,000. మొత్తం 52,000 అయింది. పదివేల ఇల్లు అనుకున్నది, తాళం చేతికి వచ్చి మొదటి రాత్రి నిద్రపోయేసరికి యాభై రెండు వేలు మింగింది.

ఆ డబ్బు బ్యాంకులో ఉంటే తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. పై దేశపు విద్యార్థి పాస్‌పోర్టు, వీసా, ఫోటో, అడ్మిషన్ లెటరు చూపించి బ్యాంకులో ఎన్.ఆర్.ఓ. అనే రకం ఖాతా తెరవవచ్చు. ఆ తర్వాత 30 రోజుల్లోగా ఇక్కడి చిరునామాకి రుజువు ఇవ్వాలి. అందుకు పనికొచ్చే కాగితాల్లో ముఖ్యమైనది ఇంటి అద్దె అగ్రిమెంటు. ఆ కాగితం ఇచ్చేదాకా పై దేశం నుంచి ఆ ఖాతాలోకి వెయ్యి డాలర్లకు మించి రాకూడదు, నెలకు 50,000 రూపాయలకు మించి తీయకూడదు. ఇది రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన. మనం వేసిన లెక్క 52,000. అంటే ఇల్లు కావాలంటే డబ్బు కావాలి. డబ్బు పూర్తిగా చేతికి రావాలంటే అగ్రిమెంటు కావాలి. అగ్రిమెంటు కావాలంటే అడ్వాన్సు కట్టాలి. ఇంటివారు అడ్వాన్సులో సగం ముందు తీసుకుని, మిగతా సగం ఖాతా సర్దుకున్నాక తీసుకుంటే ఆ ముడి దానంతటదే విడిపోతుంది. ఆ పిల్లవాడు నెల రోజులు ఎవరి గదిలోనో చాప మీద పడుకునే అవస్థ తప్పుతుంది. మనకి పోయేది ఏమీ ఉండదు.

ఇక నెలనెలా అయ్యే ఖర్చు. అపార్ట్‌మెంటయితే మెయింటెనెన్సు ఉంటుంది. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మోటారు కరెంటు, చెత్త, అన్నీ అందులోనే. బోరు నీళ్ళు తగ్గిన ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు కూడా ఫ్లాట్ల మీద పంచుతారు. ఇల్లు చూసేటప్పుడే “గత ఏడాది మే నెలలో ఎంత కట్టారు?” అని అడగాలి. జనవరి లెక్క చూసి దిగితే మేలో ఇబ్బంది పడతారు.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లు మెట్ల వరసలో ఉంటుంది. 2022లో ప్రకటించిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూపాయి 90 పైసలు. ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఒక వాటాలో నెలకు 150 యూనిట్లు కాలితే కరెంటు చార్జీ వరకు 567 రూపాయలు. అదే రెండు వాటాలకీ ఒకటే మీటరు ఉండి, కింద 150, పైన 150 కాలితే, మొత్తం 300 యూనిట్లకు 1,673 రూపాయలు వస్తుంది. సగం పంచుకున్నా ఒక్కొక్కరికి 836. ఎవరూ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడలేదు. మీటరు ఒకటే కావడం వల్ల ఒక్కో ఇంటి మీద రెండు వందల అరవై తొమ్మిది రూపాయలు పెరిగింది. అందుకని వేరే మీటరు ఉందా లేదా అన్నది గోడల రంగు కంటే ముందు చూడవలసిన విషయం. వేరే మీటరు లేని ఇంట్లో ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకోవాలి.

గ్యాసు సంగతి మరొకటి. కొత్తగా వచ్చినవాడికి ఇంటి గ్యాసు కనెక్షను వెంటనే దొరకదు. గుర్తింపు కార్డు చూపించి కొనుక్కునే 5 కిలోల చిన్న సిలిండరు ఉంది. కిలో లెక్కన అది ఖరీదే, కాని పక్కింటి సిలిండరుకి బ్లాకులో డబ్బు పోయడం కంటే నయం, క్షేమం కూడా. ఇండక్షన్ స్టవ్వు వాడతానంటే మళ్ళీ కరెంటు మెట్ల లెక్కలోకే వెళ్తాం.

దూరానికి కూడా వెల ఉంది. మధురవాడ, పి.ఎం. పాలెం వైపు అదే అద్దెకి ఒక గది ఎక్కువ రావచ్చు. కాని ఆంధ్రా యూనివర్సిటీలో చదివేవాడు రోజూ అక్కడి నుంచి రావాలి. రాత్రి లైబ్రరీ మూసేదాకా ఉంటే బస్సులు పలచబడతాయి, ఆటో ఎక్కాలి. ఆ ఆటో డబ్బులు కూడా అద్దెలో కలిపి చూడండి. గీతంలో చదివేవాడికి ఈ లెక్క తిరగబడుతుంది. వాడికి ఎండాడ, రుషికొండే దగ్గర. పాత పట్నంలో, పోర్టుకి ఆనుకుని ఉన్న వీధుల్లో అద్దె తక్కువ ఉండవచ్చు. బొగ్గు ధూళి కిటికీల మీద పేరుకునే ఇంట్లో ఆయాసం ఉన్నవాడు దిగితే, మిగిలిన డబ్బు మందులకే పోతుంది. బీచికి ఎదురుగా ఉన్న ఇల్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఉప్పుగాలికి ఇనప మంచం దగ్గర నుంచి కంప్యూటరు దాకా తుప్పు పడుతుంది.

విశాఖలో అద్దె లెక్క వేసేవాళ్ళు అక్టోబరు, నవంబరు నెలల్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై అంతస్తుకి నీళ్ళు లేవు. ఏటీఎంలు పనిచేయక చేతిలో నోట్లున్నవాళ్ళే పాలూ కూరగాయలూ కొనుక్కున్నారు. మనకి చుట్టాలున్నారు, అప్పిచ్చే కిరాణా కొట్టు ఉంది. పై దేశపు పిల్లవాడికి అవి లేవు. అందుకే ఒక నెల అద్దెకి సరిపడా డబ్బు విడిగా ఉంచుకోమని మా వాటాలో దిగే ప్రతివాడికీ చెబుతున్నాను. అందులో కొంత నోట్ల రూపంలోనే ఉండాలి.

ఇంతకీ ఎంత అద్దె భరించగలరు? భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే ఉపకార వేతనం మీద పీహెచ్‌డీ చేసేవారి లెక్క చూడండి. నెలకు 22,000 రూపాయల వేతనం, ఇంటి అద్దె కింద మొదటి శ్రేణి నగరాల్లో 6,500, మిగతా నగరాల్లో 5,500 అన్నది ఆ పథకం లెక్క. అంటే మన ఊళ్ళో చేతికి 27,500. ఇందాకటి ఇంటికి అద్దె 10,000, మెయింటెనెన్సు 1,500, కరెంటు 1,000, నీళ్ళకీ గ్యాసుకీ 800, ఇంటర్నెట్టుకి 500 వేసుకుంటే 13,800. ఒక్కడే ఉంటే రాబడిలో సగం ఇంటికే పోయింది. పుస్తకాలకి, తిండికి, ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? అదే ఇద్దరు కలిసి ఉంటే తలా 6,900. పావు వంతు. నెల గడుస్తుంది. ఇంటి ఖర్చు మొత్తం రాబడిలో మూడో వంతు దాటకుండా చూసుకోమని నా సలహా. దాటిందంటే ఇంకొకరిని కలుపుకోవాలి, లేదా ఇంకో వీధి చూసుకోవాలి. ఇల్లు మారడానికి ఆషాఢ మాసం అనువైన కాలం. మనవాళ్ళు ఆ నెలలో సామాను కదపరు. ఖాళీ ఇళ్ళు బోర్డులతో అలాగే ఉంటాయి, బేరం కాస్త సడలుతుంది.

ఇంటివారి భయాల గురించి కూడా మాట్లాడదాం. “ఫారినర్‌కి ఇస్తే పోలీసుల గొడవ” అని చాలామంది తలుపు దగ్గరే పంపేస్తారు. నిజానికి చేయవలసిన పని చిన్నది. ఎవరైనా సరే, పై దేశస్థుడికి ఇల్లు ఇస్తే, వాళ్ళు దిగిన 24 గంటల్లోగా ఆ సంగతి విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. చాలాకాలంగా ‘సి ఫారం’ అంటున్నది దీన్నే. ఆన్‌లైన్‌లోనే నింపవచ్చు, ఫీజు లేదు. పాస్‌పోర్టు నంబరు, వీసా వివరాలు, ఫోటో ఉంటే పావుగంట పని. 180 రోజులకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవారు దేశంలో దిగిన 14 రోజుల్లోగా రిజిస్టరు చేసుకోవాలి. అప్పుడు కూడా వాళ్ళు ఎక్కడ ఉంటున్నారో చూపించాలి. మనం ఆ పావుగంట పని చేయకుండా “నా పేరు ఎక్కడా రాకూడదు” అంటే, ఆ పిల్లవాడి చదువే చిక్కులో పడుతుంది. చేయనందుకు చట్టం ముందు తప్పు మనది కూడా అవుతుంది. ఈ భయం వల్ల పదిమంది తలుపు మూస్తే, పదకొండోవారు తెరిచి రెండు వేలు ఎక్కువ అడుగుతారు. ఆ రెండు వేలు మనందరి భయానికి ఆ పిల్లవాడు కడుతున్న సుంకం.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదటి రూపంలో ఏడాదికి మించిన కౌలు పత్రం రిజిస్టరు చేయించాలని ఉంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి పదకొండు నెలల వాడుక వచ్చింది. వాడుక ఉండనివ్వండి. ఆ కాగితంలో ఏం రాస్తున్నామన్నది ముఖ్యం. అడ్వాన్సు ఎంత, అది ఎప్పుడు తిరిగి ఇస్తారు, రంగులకి ఎంత కోస్తారు, పదకొండు నెలల తర్వాత అద్దె ఎంత పెంచుతారు, ఖాళీ చేసేందుకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల నోటీసు చాలంటుంది. మన ఇళ్ళల్లో నెల, రెండు నెలలు అడగడం అలవాటు. నోటిమాట ఒకటి, చట్టం మాట ఇంకొకటి అయినప్పుడే తగవులు వస్తాయి. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం చెప్పింది. మనం ఆ మాటను ఆదర్శంగా తీసుకోవచ్చు.

అడ్వాన్సు సంగతి నేనెందుకు ఇంత పట్టుపట్టి చెబుతున్నానంటే, దానివల్ల కలిగే బాధ కళ్ళారా చూశాను. మా వాటాలో ఉన్న కుర్రాడి స్నేహితుడొకడు మరో వీధిలో ఉండేవాడు. చదువు అయిపోయింది, వీసా గడువు ముగుస్తోంది, టికెట్టు కొన్నాడు. ఇంటాయన అడ్వాన్సు ఇవ్వడానికి రేపు రా, ఎల్లుండి రా అన్నాడు. ఆఖరి రోజున రంగులకి, కుళాయికి, తలుపు గడియకి అంటూ సగానికి పైగా కోసి ఇచ్చాడు. మనమయితే వారం రోజులు తిరుగుతాం, పెద్దమనుషుల్ని పెడతాం. విమానం ఎక్కవలసినవాడు ఏం చేస్తాడు? వెళ్ళిపోయాడు. ఆ డబ్బు పోయినందుకంటే, ఐదేళ్ళు ఉన్న ఊరు తనని చివరి రోజున అలా పంపినందుకు ఆ అబ్బాయి ఎక్కువ బాధపడ్డాడు. అందుకే ఇంట్లో దిగిన రోజునే గోడలూ కుళాయిలూ మీటరు అంకె ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. వెళ్ళే రెండు నెలల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. తాళం చేతికొచ్చిన రోజునే అడ్వాన్సు అతని ఖాతాలో పడాలి.

మనవాళ్ళు కూడా ఇలా ఊరు కాని ఊళ్ళో అద్దెకున్నవాళ్ళే. విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళిన తెలుగు కూలీలు అక్కడ ఇరుకు గదుల్లో పదులమంది కలిసి అద్దె పంచుకుని బతికారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. తర్వాత కాలంలో తిరిగి వచ్చినవాళ్ళకి ఈ ఊళ్ళోనే చోటిచ్చాం. బర్మా క్యాంపు పేరు ఇంకా చెరిగిపోలేదు. ఇవాళ మన పిల్లలు డల్లాస్‌లో ఇల్లు అడిగితే క్రెడిట్ స్కోరు ఏది అంటారు. దిగి వారం కాని పిల్లకి స్కోరు ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత చదువుకున్నా ఆ పూట ఆ పిల్ల కొత్తదే.

జర్మనీలో చదివే మా మేనకోడలు ఒక మాట చెప్పింది. అక్కడ అద్దెకి రెండు అంకెలు ఉంటాయట. ఒట్టి గోడలకి అడిగేది ‘చల్లని అద్దె’. గది వెచ్చబెట్టే ఖర్చు, నీళ్ళు, చెత్త, మెట్ల శుభ్రం కలిపితే అది ‘వెచ్చని అద్దె’. ఇల్లు చూడబోయినవాళ్ళకి రెండూ చెబుతారు. అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దెకు మించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. కొత్తగా వచ్చినవాళ్ళు రెండు వారాల్లో ఊరి ఆఫీసులో పేరు రాయించుకోవాలి, దానికి ఇంటివారు సంతకం చేసి ఇవ్వాలి. మన సి ఫారంకి అది అన్నదమ్ముల వరస. “నాకు అక్కడ మొదటి రోజునే మొత్తం అంకె తెలిసింది అత్తా, అందుకే భయం వేయలేదు” అంది.

ఆ మాట విన్నాక మా మేడ మెట్ల పక్కన ఒక కాగితం అంటించాను. అద్దె ఇంత, నీళ్ళకి ఇంత, గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు నెలవారీగా ఇవీ, అడ్వాన్సు ఇంత, తాళం ఇచ్చిన రోజున తిరిగి ఇస్తాం అని, తెలుగులో, ఇంగ్లీషులో రాశాం. ఇథియోపియా కుర్రాడు ఉన్నప్పుడే ఇది రాశాను, ఇంగ్లీషు అక్షరాలు అతనే కుదురుగా దిద్దిపెట్టాడు. పీహెచ్‌డీ పూర్తయి వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ పంపిన కాఫీ గింజలు మా వంటింట్లో తనే వేయించి, దంచి, కాచి ఇచ్చాడు. అడ్వాన్సు ఆ ఉదయమే అతని ఖాతాలో వేశాం.

మీ ఇంటి గేటుకి బోర్డు ఉంటే, దాని పక్కన ఇలాంటి కాగితం ఒకటి పెట్టండి. ఇల్లు వెతుక్కునే పై దేశపు విద్యార్థులు మీకు తెలిసి ఉంటే, ఏమేం అడగాలో వాళ్ళకి చెప్పండి. అద్దె అడిగినవాళ్ళకి మొత్తం అంకె చెప్పండి.